విజయనగరంలో వాయులీనం

క్లారినెట్టు, వయొలిను రెండూ పడమటినుండి వచ్చిన వాద్యములే. క్లారినెట్టు మేళముతో ఊరేగింపులలో నడిచినది. వయొలిను గాయకుని ప్రక్కన కూర్చున్నది. ఆ వయొలినుకు మా ఉత్తరాంధ్రమున గురుపీఠము దక్కిన తీరు చెప్పుకోదగినది.

1919లో పూసపాటి విజయరామ గజపతివారు విజయనగరమున సంగీత కళాశాల నెలకొల్పిరి. హరికథా పితామహులు ఆదిభట్ల నారాయణదాసుగారు తొలి అధ్యక్షులు. ఆ యేడే వయొలిన్ ఆచార్యులుగా చేరినవారు ద్వారం వెంకటస్వామినాయుడుగారు. 1893లో బెంగుళూరున పుట్టి విశాఖపట్టణమున పెరిగిన ఆయన 1936లో దాసుగారి తరువాత అధ్యక్షులైరి.

పాటకు తోడుగా నిలిచే వాద్యమును ఆయన ప్రధాన వాద్యముగా వేదిక యెక్కించి, గమకమును గొంతుకు దీటుగా పలికించిరి. 1941లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి బిరుదము, 1957లో పద్మశ్రీ ఆయనకు లభించినవి.

బిరుదములకన్న ఆయన బోధననే నేను మిన్నగా ఎంచుదును. చిరకాలము బడిలో పాఠము చెప్పినవాడను గనుక ఈ మాట అనుచున్నాను: కచేరీ ఆ రాత్రితో ముగియును, పాఠము మరియొక తరమునకు నడచును. ఆయన కుమార్తె మంగతాయారుగారు వయొలిన్ విదుషీమణియైరి. ఆ కళాశాలలోనే పట్రాయని సీతారామశాస్త్రిగారి కడ ఘంటసాల గాత్రము నేర్చిరి; పి. సుశీలయు అచటనే చదివిరి.

1964లో నాయుడుగారు కీర్తిశేషులైరి. పరదేశపు వాద్యము మన యింటి బిడ్డ యైనది అట్టి తరగతి గదులలోనే.