రొమ్ముల సైజు పెంచే మూలికా మాత్రలు.. హార్మోన్లు బ్యాలెన్స్ అవుతాయా? ఆర్డర్ పెట్టే ముందు ఇది చదవండి!

ఫోన్‌లో రీల్స్ చూస్తుంటే మధ్యలో ఓ యాడ్ వస్తుంది. నెల రోజుల్లో రొమ్ముల సైజు పెరుగుతుంది, హార్మోన్లు బ్యాలెన్స్ అవుతాయి, అంతా నేచురల్, సైడ్ ఎఫెక్ట్స్ ఉండవు అంటూ. ఆర్డర్ పెడితే పార్శిల్ తిరుపతి హాస్టల్‌కైనా, పలమనేరు పక్క పల్లెకైనా వచ్చేస్తుంది. ఇంట్లో చెప్పుకోలేని విషయం కదా, వద్దని చెప్పేవాళ్లూ ఉండరు.

అసలు మన దేశంలో ఇలాంటి యాడ్ ఇవ్వడమే చట్టవిరుద్ధం. 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం షెడ్యూల్‌లో క్యాన్సర్, షుగర్, మూర్ఛ పక్కనే స్త్రీల వక్షోజాల ఆకృతి కూడా ఉంది. ఆ జాబితాలోని వాటికి మా మందు పనిచేస్తుందని ప్రచారం చేయకూడదు. మూలికలైనా అదే రూలు.

మరి ఆ డబ్బాలో ఏముంటుంది? ఎక్కువగా శతావరి (మన పల్లెల్లో పిల్లిపీచర అంటారు), మెంతులు, సోంపు, అతిమధురం. కొన్నింటిలో థాయ్‌లాండ్ దుంప ప్యూరేరియా మిరిఫికా. వీటిలో కొన్నింటికి ఈస్ట్రోజెన్‌ను పోలిన గుణం కొద్దిగా ఉంటుంది, నిజమే. కానీ ఈ మాత్రలతో రొమ్ములు పెరుగుతాయని గట్టిగా తేల్చిన పరిశోధన లేదు. మెంతుల్లోని డయోస్జెనిన్ గురించీ గొప్పగా చెబుతారు. దాన్ని హార్మోన్‌గా మార్చడం ల్యాబ్‌లో సాధ్యం, మన ఒంట్లో జరగదు. బాలింతలకు పాలు పడాలని శతావరి ఇవ్వడం పాత అలవాటే. అది వేరు, సైజు పెరగడం వేరు.

ఇక ఆ బ్యాలెన్స్ అనే మాట. ఈస్ట్రోజెన్, ప్రొజెస్టెరాన్ నెలంతా ఒకే లెవల్లో ఉండవు, రోజులను బట్టి మారుతూనే ఉంటాయి. పీరియడ్స్ ముందు రొమ్ములు బరువెక్కి ఉబ్బినట్లు అనిపించేది ఈ మార్పుల వల్లే. సరిగ్గా ఆ వారంలో మాత్ర పనిచేసిందని మురిసిపోయేవాళ్లుంటారు. పీరియడ్స్ రాగానే వాపు తగ్గిపోతుంది! సైజును నిర్ణయించేది ప్రధానంగా వంశం, శరీర బరువు, వయసు. రెండు రొమ్ములు కాస్త తేడాగా ఉండటం కూడా మామూలే.

నేచురల్ కదా, ఏం కాదులే అనుకోవద్దు. అతిమధురం ఎక్కువ రోజులు వాడితే బీపీ పెరగొచ్చు, పొటాషియం పడిపోవచ్చు. షుగర్ మాత్రలు వేసుకునేవారు మెంతి క్యాప్సూల్స్ తోడు చేస్తే షుగర్ మరీ డౌన్ కావచ్చు. గర్భిణులు, రక్తం పలచబడే మందులు వాడేవారు, రొమ్ము క్యాన్సర్ వచ్చినవారు డాక్టర్‌ను అడగకుండా వీటి జోలికి వెళ్లకూడదు. ఇంకో మాట.. ఇంటర్నెట్‌లో అమ్మే 193 ఆయుర్వేద ఉత్పత్తులను పరీక్షిస్తే దాదాపు ఐదో వంతులో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటి బయటపడిందని 2008లో అమెరికా వైద్య పత్రిక జామా ప్రచురించింది.

అన్నిటికంటే పెద్ద నష్టం, అసలు జబ్బు దాగిపోవడం. పీరియడ్స్ గాడి తప్పడం, గడ్డం మీద వెంట్రుకలు, ఉన్నట్టుండి బరువు పెరగడం ఉంటే పీసీఓఎస్‌నో థైరాయిడ్‌నో అనుమానించాలి. గర్భం లేకుండానే పాలు కారుతుంటే ప్రొలాక్టిన్ టెస్ట్ అవసరం. 13 ఏళ్లు నిండినా రొమ్ములు రాకపోయినా, 15 ఏళ్లు నిండినా రజస్వల కాకపోయినా తల్లులు ఆలస్యం చేయొద్దు. గడ్డ తగిలితే, చనుమొన నుంచి రక్తం వస్తే ఏ వయసైనా సరే వెంటనే చూపించుకోవాలి.

తిరుపతిలో ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రి ఉంది, హార్మోన్ల సమస్యలకు స్విమ్స్‌లో ఎండోక్రైనాలజీ విభాగం ఉంది. ఆయుర్వేదమే కావాలంటే టీటీడీ ఎస్వీ ఆయుర్వేద ఆసుపత్రిలో అర్హత ఉన్న వైద్యులుంటారు. ఇప్పటికే మాత్రలు వాడుతుంటే ఆపేసి, డబ్బా కూడా వెంట తీసుకెళ్లండి, సిగ్గుపడొద్దు. లేబుల్ చూస్తేనే డాక్టర్‌కు సగం విషయం తెలుస్తుంది. మందు పడక ఇబ్బంది వస్తే 1800-180-3024కు, డబ్బు పోగొట్టుకుంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు కాల్ చేయొచ్చు.