మోతకర్రలు తీయని మందసం

హైదరాబాద్ గన్‌ఫౌండ్రీలోని సెయింట్ జోసఫ్ కెథడ్రల్ క్యాథలిక్కుల గుడి. వాళ్లు సత్ప్రసాదం దాచే పెట్టెను టాబర్నకిల్ అంటారు. ఆ మాటకు లాటిన్‌లో గుడారమని అర్థం.

ఎడారిలో నడిచిన ఇశ్రాయేలీయుల గుడి గుడారమే. అందులోని మందసం తుమ్మకర్రది. పొడవు 2½ మూరలు. దాని మోతకర్రలు తీయకూడదని ధర్మశాస్త్రం. నడిచే జనంతో దేవుడూ నడవాలి కదా!

తర్వాత క్రైస్తవులు ఆ వస్తువుల్లో క్రీస్తును చూశారు. గుడారపు తెర ఆయన శరీరమన్నారు, సన్నిధి రొట్టెల్లో సత్ప్రసాదాన్ని చూశారు. మందసం ఎప్పుడో కనబడకుండా పోయింది. అయినా యూదులకు తమ అర్థం తమకు మిగిలింది. ఎందుకంటే వాళ్ల కథను వాళ్లే రాసుకున్నారు.

మన మెస్రం వాళ్లు కాలినడకన గోదావరి జలం తెచ్చి కేస్లాపూర్ నాగోబాకు అర్పిస్తారు. ఆ నీళ్లకు రేపు ఎవరైనా కొత్త అర్థం చెప్పొచ్చు. మోసినవాళ్ల మాట మాత్రం ముందుగా మనమే రాయాలి.