అమ్మ మందుల డబ్బా – నా మందుల డబ్బా

కాణిపాకంలో మా ఇంటి గూట్లో ఒక రేకు డబ్బా ఉండేది. శొంఠి, వాము, కరక్కాయ, వసకొమ్ము, ఒక అమృతాంజనం సీసా – అదే మా అమ్మ వైద్యశాల. అమృతాంజనాన్ని కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో ప్రారంభించిన సంగతి సభ్యులకు తెలిసిందే. బాధ ఉంటే వాడడం, తగ్గితే మూతపెట్టడం, మిగిలింది పొరుగింటికివ్వడం ఆ డబ్బా పద్ధతి. వచ్చిపోయే జబ్బులకు అది సరిపోయింది.

మొండి జబ్బులకు ఇంట్లో వైద్యం కాదనేవారు. క్షయ సోకితే, అప్పటి మన చిత్తూరు జిల్లాలోనే మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానిటోరియం ఉండేది. అది 1915 నాటిది. నెలల తరబడి మంచి గాలి, తిండి, విశ్రాంతి – అంతే చికిత్స. ఆ పేరు చెప్పేటప్పుడు పెద్దలు గొంతు తగ్గించేవారు.

1956లో మద్రాసులో టీబీ కీమోథెరపీ సెంటర్ ఏర్పడింది. అక్కడ కొందరు రోగులను శానిటోరియంలో ఉంచి, కొందరిని ఇళ్లకు పంపి, అందరికీ ఏడాదిపాటు ఐసోనియాజిడ్, పాస్ అనే మందులే ఇచ్చారు. 1959లో ఫలితాలు వెలువడ్డాయి. ఇరుకు ఇళ్లలో, చాలీచాలని తిండితో ఉన్నవారికి కూడా ఇంచుమించు అంతే గుణమిచ్చింది! మొండి జబ్బుకు మందు మన గూట్లోకి వచ్చింది అప్పుడే అనుకోవచ్చు.

అయితే రోగి ఆ మందు నిజంగా మింగుతున్నాడా? సిబ్బంది చెప్పాపెట్టకుండా ఇళ్లకు వెళ్లి మాత్రలు లెక్కపెట్టేవారు, మూత్రం పరీక్షించేవారు. ఒళ్లు కాస్త కుదుటపడగానే మానేసేవారు ఉండనే ఉన్నారు. ఎదురుగా నిలబడి మింగించే పద్ధతికి ఆ అనుభవమే పునాది. 1997 నుంచి డాట్స్ పేరుతో మన దేశమంతటా విస్తరించింది అదే.

బీపీ, షుగరు మాత్రలు లెక్కపెట్టడానికి మన ఇంటికి ఎవరూ రారు. రిటైరైన రెండో ఏట బీపీ మామూలుగా ఉందని నేను మాత్ర మానేశాను. మాత్ర వల్లనే అది మామూలుగా ఉందన్న మాట తోచలేదు. పైగా మిగిలిన మాత్రలు ఎదురింటి పెద్దాయనకిచ్చాను, ఆయనకూ బీపీయే గదా అని. అమ్మ అలవాటు మరి! ఆయన అప్పటికే వేసుకుంటున్నది కూడా అదే మందు, కంపెనీ పెట్టిన పేరు మాత్రం వేరు. రెండూ కలిపి వేసుకొని, కళ్లు తిరిగి స్నానాలగదిలో పడిపోయారు. నుదుట నాలుగు కుట్లు పడ్డాయి.

ఆయన కోలుకున్నారు. నన్ను ఒక్కమాట కూడా అనలేదు, అదే నాకు ఎక్కువ బాధ. ఇప్పుడు మా కోడలు ప్రతి మందుకూ కంపెనీ పేరు పక్కన అసలు మందు పేరు కాగితం మీద రాసి, డబ్బా మూతకు అంటించింది. వసకొమ్ము మాత్రం ఇంకా అందులోనే ఉంది.