రుబ్బురోలూ రోబోటూ

సామర్లకోటలో మా ఇంటికి గ్రైండరు వచ్చిన రోజున అత్తగారు రుబ్బురోలు వైపు చూసి, "దీనికే నోరుంటేనా, ఎన్ని పెసరట్లకి రుబ్బిందో చెప్పేదమ్మా!" అన్నారు.

నాకు చెక్ రచయిత కారెల్ చాపెక్ గుర్తొచ్చాడు. 'రోబోట్' అన్న మాటని ప్రపంచానికిచ్చింది 1920లో ఆయన రాసిన 'ఆర్.యు.ఆర్.' నాటకమే. చెక్ భాషలో 'రొబొతా' అంటే వెట్టిచాకిరీ! ఆ నాటకంలో మరమనుషులు చాకిరీ చేసి చేసి, చివరికి యజమానుల మీద తిరగబడతారు.

1942లో అసిమోవ్ తన కథలో వాటికి మూడు సూత్రాలు పెట్టాడు. మనిషికి హాని చెయ్యకు. చెప్పిన మాట విను. ఆ రెండూ అయ్యాకే నిన్ను నువ్వు కాపాడుకో. చదివి నవ్వుకున్నాను. అప్పగింతలనాడు మా అమ్మ నాకు చెప్పినవీ ఇవే కదా!

యంత్రానికి తెలివొస్తే తిరగబడుతుందని ఈ కథల్లో ఒకటే భయం. చాకిరీ చేయించుకున్నవాళ్లకి ఆ భయం ఉండదూ మరి?

ఇంతకీ అత్తగారు నోరు కోరింది రోలుకేనా? ఆ సాయంత్రం ఆవిడ పక్కన పీట వేసుక్కూర్చుని, "మీరు చెప్పండత్తయ్యా, ఎన్నేళ్లు రుబ్బారు?" అన్నాను.