పాలపిండీ సొరనూనే

సొరచేప కార్జాన్ని కుండలో కాచి తీసిన నూనెను మా నెల్లూరు తీరంలో నావ చెక్కలకు పూసేవాళ్ళు, ఉప్పునీటికి చెక్క చివకకుండా, పురుగు తొలవకుండా. పాలెం ఇంకా కనపడక ముందే ఆ వాసన ముక్కుకు తగిలేది. 1960ల్లో అదే పాలెం బడి వసారాలో పిలకాయలకు గ్లాసుల్లో పోసిన అమెరికా పాలకు మాత్రం వాసనంటూ పెద్దగా ఉండేది కాదు. ఆ పాలలో లేనిదొకటి ఆ నూనెలో పుష్కలంగా ఉందని పాలెంలో ఎవరికీ తెలియదు. పంపినవాళ్ళకు తెలుసు. కొంత ఆలస్యంగా దాన్ని సరిదిద్దారు కూడా. ఆ కథ వెన్న దగ్గర మొదలవుతుంది.

పాలను గిరగిరా తిప్పే యంత్రం మీగడను విడదీస్తుంది. మీగడకు గిరాకీ ఉంది, అది వెన్నవుతుంది, డబ్బవుతుంది. మిగిలిన పలచని పాలను రెండో ప్రపంచ యుద్ధానికి ముందు అమెరికా రైతులు చాలావరకు పందులకూ దూడలకూ పోసేవాళ్ళు, లేదంటే వాగుల్లో పారబోసేవాళ్ళు. యుద్ధంలో సైన్యాలకూ మిత్రదేశాలకూ ఆహారం పంపాల్సి వచ్చేసరికి వాటిని ఎండబెట్టి పొడి చేసే కర్మాగారాలు విపరీతంగా పెరిగాయి. యుద్ధం ముగిసినా కర్మాగారాలు ఆగలేదు. రైతుకు గిట్టుబాటు ధర కోసం ప్రభుత్వమే వెన్నా జున్నూ పాలపొడీ కొని గోదాముల్లో పేర్చింది. ఆ గుట్టలకు బయటి దేశాల దారి చూపించిన చట్టం మన పెద్దలకు పి.ఎల్. 480 అన్న పేరుతోనే గుర్తు. అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ దానిమీద సంతకం పెట్టింది 1954 జూలై 10న.

కొవ్వు తీసిన పొడినే ఓడలెక్కించడంలో వ్యాపారంతో పాటు రసాయనశాస్త్రం కూడా ఉంది. కొవ్వు గాలి తగిలితే కంపు కొడుతుంది. వెన్నతీయని పాలపొడి మన ఎండల్లో గోదాములో నెలల తరబడి ఉంటే ముక్కిపోతుంది. కొవ్వు లేనిదయితే, చెమ్మ తగలకుండా చూసుకుంటే చాలు, సముద్రాలు దాటినా చెడదు. ఇంతకీ ఆ కొవ్వుతో పాటు ఏం పోయిందన్నది తర్వాతి మాట.

యూనిసెఫ్ మన దేశానికి సాయం మొదలుపెట్టింది 1949లో. తొలినాళ్ళలో దాని పేరు చెబితే పాలపొడే. అమెరికా సహాయ సంస్థ కేర్ 1950లో వచ్చింది. అప్పటికి నెల్లూరు ఇంకా మద్రాసు రాష్ట్రంలో ఉంది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రంలోకి వచ్చాం. ఆ కాలంలో మన పిల్లలను తినేస్తున్న జబ్బు క్వాషియార్కర్: కాళ్ళు వాచి, జుట్టు రాగిరంగుకు తిరిగి, పిల్లవాడు ముడుచుకుని కూర్చుంటాడు. కూనూరులోని పోషకాహార పరిశోధనశాలలో డాక్టర్ సి. గోపాలన్, ఆయన సహచరులు దాన్ని చాలా శ్రద్ధగా చదివారు. ఆ పరిశోధనశాలే 1958లో హైదరాబాదుకు మారి తర్వాత జాతీయ పోషకాహార సంస్థ అయింది. ఆ జబ్బుకు అప్పట్లో ప్రపంచమంతా వాడిన మందు వెన్నతీసిన పాలపొడే.

ఎందుకో అంకెల్లో చూస్తే అర్థమవుతుంది. గోపాలన్ గారి బృందం కూర్చిన మన ఆహార పట్టికల ప్రకారం 100 గ్రాముల ఆ పొడిలో 38 గ్రాముల మాంసకృత్తులు, 1,370 మిల్లీగ్రాముల కాల్షియం, 357 కేలరీలు. కొవ్వు 0.1 గ్రాము, అంటే లేనట్టే. చక్కెర భాగం 51 గ్రాములు, అంతా లాక్టోజ్. మాంసకృత్తుల్లో మనం రోజూ వండే ఏ పప్పూ దీనికి సాటిరాదు. బియ్యపు గంజి మీద బతికే పిల్లవాడికి ఇది చిన్న వరం కాదు. ఈ మాట గట్టిగా చెబుతున్నాను, ఎందుకంటే మా తరంలో చాలామంది 'అమెరికా ఎంగిలి' అని ఎగతాళి చేసి వదిలేశారు. ఎగతాళి సులభం. వాపు దిగిన కాళ్ళను చూసినవాళ్ళు ఆ మాట అనరు.

మా నాయన మైపాడుకు ఉత్తరాన ఒక పట్టపుపాలెంలో, అంటే జాలర్ల ఊళ్ళో, బడి అయివారు. ఆ బళ్ళోనే నేనూ చదివాను కాబట్టి పాలపిండి వ్యవహారం రెండువైపుల నుంచీ ఎరుగుదును. బస్తాలు నెల్లూరు నుంచి ఎద్దుల బండి మీద వచ్చేవి, వానాకాలంలో బకింగ్‌హామ్ కాలువలో సర్వికట్టెల పడవ తిరుగు ప్రయాణంలో వచ్చేవి. బస్తా మీద కలుపుకున్న రెండు చేతుల బొమ్మ, అమెరికా ప్రజల కానుక అనీ, అమ్మకూడదు, మార్చుకోకూడదు అనీ ఇంగ్లీషులో రాత. ఖాళీ బస్తా ఎవరికివ్వాలన్నది పాలకంటే పెద్ద తగాదా. పాలెం పెద్దకాపు కూర్చుని వంతులు తేల్చాల్సి వచ్చింది.

మొదటి నెలల్లో తల్లులకు నమ్మకం కుదరలేదు. "అయివారా, అది పంది పాలంట గదా, మా పిలకాయలకు పొయ్యబాకండి" అని ఒకామె గుమ్మంలో నిలబడి అడగడం బాగా గుర్తు. "పందికి పాలు పిండేవాడు ఎవుడమ్మా, నువ్వు పోయి పిండి చూడు" అన్నాడు మా నాయన. అందరూ నవ్వారు. ఆ వదంతిలోనూ ఓ పిసరు నిజం ఉందని నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది: పందులు తాగుతూ వచ్చిన పాలే అవి.

కలపడం ఒక విద్య. నేరుగా నీళ్ళలో పోస్తే ఉండలు కట్టి పైన తేలతాయి, ఆ ఉండ లోపల పొడి పొడిగానే ఉంటుంది. వంట చేసే ఆయమ్మ ముందు కాసిని గోరువెచ్చని నీళ్ళతో దోసెపిండి జారుగా చేసి, తర్వాత గరిటెతో తిప్పుతూ తక్కిన నీళ్ళు పోసేది. పొడి ఒక వంతుకు నీళ్ళు సుమారు పది వంతులు. అసలు చిక్కు నీళ్ళతోనే. సముద్రపు ఒడ్డున బావి తవ్వితే ఉప్పు. మంచినీళ్ళకు ఇసుకలో చెలమ తోడాలి. చెలమ నీళ్ళు తియ్యగా ఉంటాయి కానీ, ఎండాకాలంలో ఊరడానికి పొద్దు పడుతుంది, మేకలూ కుక్కలూ అందులోనే మూతి పెడతాయి. ఆ నీళ్ళను కాచకుండా పాలపిండి కలిపితే మంచి ఆహారంలోనే విరేచనాలూ కలిపినట్టు. మా నాయన కాచకుండా కలపనివ్వలేదు, అందుకు కట్టెలు కావాలి, కట్టెలకు పద్దు లేదు. పాలెంవాళ్ళే వంతులవారీగా సర్వి ఆకు, కొబ్బరి మట్టలు తెచ్చి వేసేవాళ్ళు. పాలపొడి విలువ గురించి రాసే పుస్తకాల్లో ఈ పొయ్యి లెక్కకు రాదు.

పిలకాయలకు ఇష్టం మాత్రం పొడిగా తినడం. అరచేతిలో వేసుకుని నాకితే అంగిట్లో అట్ట కట్టి మాట పెగలదు, అదే సరదా. గ్లాసుడు పాలు గటగటా తాగి మధ్యాహ్నానికి కడుపు పట్టుకుని సర్వితోపులోకి పరిగెత్తినవాళ్ళూ ఉన్నారు. దానికి కల్తీ అని, దిష్టి అని, రకరకాలు చెప్పుకున్నారు. పాలచక్కెరను అరిగించే లాక్టేజ్ మన పెద్దవాళ్ళలో చాలామందికి తక్కువేనని హైదరాబాదు సంస్థ పరిశోధకులు 1972లో ప్రచురించారు. అయినా ఒక కప్పు మేరకు పాలు మామూలుగా పడతాయనీ చూపారు. పాలు పెద్దగా ఎరగని కడుపుకు ఒక్కసారిగా నిండు గ్లాసు ఇస్తే గడబిడ తప్పదు. పట్టపువాళ్ళ ఇళ్ళలో పాడి లేదు, ఇసుకలో గడ్డి ఎక్కడిది?

ఇప్పుడు పోయినదాని సంగతి. ఏ విటమిను, డి విటమిను కొవ్వులో కరిగి ఉంటాయి. మీగడతో పాటే వెళ్ళిపోతాయి. వెన్నతీసిన పొడిలో ఏ విటమిను దాదాపు సున్నా. ఇది లోపించిన పిల్లలకు ముందు రేచీకటి, తర్వాత కంటి తెల్లగుడ్డు మీద నురుగులాంటి మచ్చలు, ఆపైన నల్లగుడ్డు మెత్తబడి చూపే పోతుంది. విడ్డూరమేమిటంటే, వట్టి పాలపొడి ఈ ముప్పును పెంచగలదు. మాంసకృత్తులు అందిన పిల్లవాడు చకచకా పెరుగుతాడు, ఆ పెరుగుదల కార్జంలో మిగిలిన కాస్త ఏ విటమిను నిల్వనూ ఖర్చు పెట్టేస్తుంది. ఈశాన్య బ్రెజిల్‌లో సాయంగా పంచిన ఇలాంటి పాలపొడి తాగిన పిల్లల్లో కంటిజబ్బు కేసులు బయటపడ్డాయి.

బ్రెజిల్ పేరు వచ్చింది కాబట్టి ఒక మాట. ఆ దేశంలో కోట్ల సంఖ్యలో ఉన్న తెల్ల పశువుల జాతి పేరు 'నెలోర్'. మన ఒంగోలు జాతే. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడేదాకా ఒంగోలు తాలూకా నెల్లూరు జిల్లాలోదే, అందుకే తెల్లవాళ్ళు ఆ జాతిని నెల్లూరు పశువులన్నారు. ఒంగోలు పక్కనున్న కరవది ఊరిపేరే పెట్టుకున్న ఎద్దు ఒకటి 1960ల తొలినాళ్ళలో అక్కడికి వెళ్ళి పెద్ద వంశకర్త అయింది. మన ఎద్దు ఓడెక్కి అటు వెళుతున్న ఆ ఏళ్ళలోనే అమెరికా ఆవుల పాలపిండి ఓడ దిగి ఇటు వచ్చింది.

సొరనూనె దగ్గరకు వద్దాం. సొర కార్జపు నూనెలో ఏ విటమిను అపారం. 1940లో జర్మనీ నార్వేను ఆక్రమించాక కాడ్ చేపనూనె రావడం ఆగిపోతే, మద్రాసు ప్రభుత్వ మత్స్యశాఖ కోజికోడు ఫ్యాక్టరీలో సొరనూనె తీసి ఆసుపత్రులకు పంపింది. మా పాలెంలో బాలింతలకు పాలు పడతాయని పాలసొరను ఉడికించి సొరపిట్టు చేసి పెట్టేవాళ్ళు; కార్జం మాత్రం నావకే. రేచీకటి వచ్చిన పిల్లవాడికి మేక కార్జం కాల్చి పెట్టాలని ముసలమ్మలకు తెలుసు. మేక కొనాలి. నూనె కుండ ఇంటి వెనకే ఉంది. ఇందులో వాళ్ళ తెలివితక్కువ ఏమీ లేదు. ఆ నూనెలో విటమిను ఏ సొరకు ఎంతుంటుందో చెప్పలేం, మోతాదు మించితే అదీ విషమే, పైగా ఆ కంపు. కొలిచి ఇచ్చే మనిషి ఉంటే తప్ప ఇంటివైద్యానికి లొంగే వస్తువు కాదది. కొలిచే మనిషి కోజికోడులో ఉన్నాడు, మా తీరంలోని ఇస్కపల్లిలోనూ మైపాడులోనూ లేడు.

ఈలోగా స్విట్జర్లాండ్‌లోని రోష్ కంపెనీ రసాయనికులు 1947లో ఏ విటమినును కర్మాగారంలో తయారుచేసే పద్ధతి కనిపెట్టారు. చేపనూనె వ్యాపారం అక్కణ్ణుంచి సన్నగిల్లింది. సొరలకు అది మేలే అయి ఉంటుంది, తాత్కాలికంగా. ఆ కృత్రిమ విటమినును సన్నని రేణువులుగా చేసి, గాలీ వెలుతురూ తగలకుండా పూత పూసి పాలపొడిలో కలపడం సాధ్యమయింది. 1960ల మధ్య నుంచి అమెరికా తన సాయపు పాలపొడిలో ఏ, డి విటమిన్లు చేర్చి పంపింది. బలవర్ధకం చేసిన పొడికి అక్కడి నిబంధన సూటిగా ఉంది: కలిపాక ఒక క్వార్టు పాలలో, అంటే సుమారు 950 మిల్లీలీటర్లలో, ఏ విటమిను 2,000 యూనిట్లు, డి విటమిను 400 యూనిట్లు ఉండాలి.

దీన్ని మా బడి గ్లాసుకు దించుకుందాం. పాతిక గ్రాముల పొడితో కలిపిన గ్లాసులో తొమ్మిదిన్నర గ్రాముల మాంసకృత్తులు, 340 మిల్లీగ్రాముల కాల్షియం, బలవర్ధకమైతే ఏ విటమిను సుమారు 500 యూనిట్లు, అంటే 150 మైక్రోగ్రాములు. అయిదేళ్ళ పిల్లవాడికి రోజుకు 400 మైక్రోగ్రాములు కావాలని మన వైద్య పరిశోధనామండలి చాలాకాలం చెప్పిన లెక్క. మూడోవంతుకు పైనే అందింది. ఇనుము మాత్రం అటూ ఇటూ ఏ పాలతోనూ రాదు. దానికి తోటకూరో, ఎండు నెత్తళ్ళో కావాలి. నెత్తళ్ళను తలతో సహా నమిలే పాలెం పిలకాయలకు కాల్షియం కోసం అమెరికా అక్కర్లేదని మా నాయన అనేవాడు. నిజమే, ఎండు నెత్తళ్ళలో బొక్కంతా కాల్షియమే. కానీ తుఫాను వచ్చి పొయ్యి వెలగని రోజుల్లో ఆ నెత్తళ్ళూ ఉండవు.

విటమిన్లు చేరిన కొద్దికాలానికే పాలపొడి సరఫరా పలచబడింది. అమెరికా మిగులు తగ్గింది. 1966లో మొక్కజొన్న, సోయా పిండ్లలో కొద్దిగా పాలపొడి కలిపిన సి.ఎస్.ఎం. వచ్చింది, మేము పసుపుపచ్చ ఉప్మా తిన్నాం. 1970లో ఆరు నెలలకోసారి చెంచాతో పోసే ఏ విటమిను మందు పథకం జాతీయ స్థాయిలో మొదలయింది. మోతాదు రెండు లక్షల యూనిట్లు. దాని వెనక హైదరాబాదు సంస్థ పరిశోధన ఉంది. పిలకాయలకు గ్లాసు పాలకంటే ఆ చెంచా త్వరగా కళ్ళు కాపాడిందని నా అభిప్రాయం. ఇక పాలపొడి విషయానికొస్తే, యూనిసెఫ్ తోడ్పాటుతో విజయవాడలో మన సొంత పాలపొడి ఫ్యాక్టరీ 1969లో నిలబడింది. మరుసటి ఏడాది మొదలైన ఆపరేషన్ ఫ్లడ్, యూరప్ నుంచి ఉచితంగా వచ్చిన పొడినీ బటర్ ఆయిల్‌నూ నగరాల్లో పాలుగా అమ్మి ఆ డబ్బుతో పాల సహకార సంఘాలు కట్టింది.

గేదెపాలకు పాలపొడీ నీళ్ళూ కలిపి వెన్నశాతం తగ్గించిన టోన్డ్ పాలను అంతకు చాలా ముందే, 1946లో, బొంబాయిలో దారా ఖురోడీ ప్రవేశపెట్టారు. ఇవాళ నెల్లూరు ఇళ్ళలోకి వచ్చే ప్యాకెట్లలో ఎక్కువ ఆ రకమే. వెన్న తగ్గినంత మేర ఏ విటమిను తగ్గుతుంది. అందుకే 2018 నిబంధనల్లో ఆహార భద్రతా సంస్థ, బలవర్ధకమైన పాలలో లీటరుకు ఏ విటమిను 270 నుంచి 450 మైక్రోగ్రాములు, డి విటమిను 5 నుంచి 7.5 మైక్రోగ్రాములు ఉండాలని రాసింది. అలాంటి ప్యాకెట్ మీద నీలిరంగులో ప్లస్ ఎఫ్ గుర్తు వేస్తారు. మా వీధి కొట్లో ప్యాకెట్ తిప్పి చూస్తుంటే, "అది కంపెనీ గుర్తు సార్, ఎక్స్‌పైరీ తేదీ ఇటు పక్కనుంది" అని చూపించాడు కొట్టబ్బాయి.