నిఖత్ జరీన్: నిజామాబాద్ గ్రౌండ్ నుంచి రెండు ప్రపంచ టైటిళ్ళ దాకా

తెలంగాణలోని నిజామాబాద్‌కు చెందిన నిఖత్ జరీన్ మహిళల బాక్సింగ్‌లో రెండుసార్లు ప్రపంచ ఛాంపియన్. 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో న్యూఢిల్లీలో స్వర్ణాలు గెలిచింది. మేరీ కోమ్ తర్వాత ఒకటి కంటే ఎక్కువ ప్రపంచ టైటిళ్ళు సాధించిన రెండో భారత మహిళా బాక్సర్ ఆమె. 2024 సెప్టెంబర్‌లో తెలంగాణ పోలీసు శాఖలో డీఎస్పీగా చేరింది.

"ఆడపిల్లకు ఈ ఆటలెందుకు? రేపు పెళ్ళి ఎలా?" అనే మాట నరసరావుపేటలోనైనా, మాచర్లలోనైనా, గురజాలలోనైనా మన ఇళ్ళల్లో వినపడేదే. నిఖత్ ఇంట్లోనూ అదే మాట వినపడింది. ఆ తర్వాత ఏం జరిగిందో వరుసగా చూద్దాం.

కుటుంబం, బాల్యం

నిఖత్ 1996 జూన్ 14న పుట్టింది. తండ్రి మొహమ్మద్ జమీల్ అహ్మద్, తల్లి పర్వీన్ సుల్తానా. నలుగురు ఆడపిల్లల్లో ఆమె మూడోది. జమీల్ అహ్మద్ కుర్రతనంలో ఫుట్‌బాల్, క్రికెట్ ఆడిన మనిషి. ఏళ్ళ తరబడి సౌదీలో సేల్స్ ఉద్యోగం చేసి, పిల్లల చదువు కోసం, నిఖత్ ఆట కోసం తిరిగి వచ్చేశారు. గల్ఫ్ సంపాదన వదులుకుని రావడం ఎంత పెద్ద నిర్ణయమో మన వాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు.

మొదట్లో నిఖత్ పరుగు పందేల పిల్ల. నాన్నే గ్రౌండ్‌కు తీసుకెళ్ళి 100, 200 మీటర్ల పరుగు నేర్పించేవారు. అక్కడ అన్ని ఆటల్లో ఆడపిల్లలు కనపడ్డారు కానీ బాక్సింగ్‌లో మాత్రం ఒక్కరూ లేరు. ఎందుకని నాన్నను అడిగింది. ఆడవాళ్ళకు అంత బలం ఉండదని జనం అనుకుంటారని ఆయన చెప్పారు. ఆ జవాబే ఆమెను గ్లోవ్స్ తొడుక్కునేలా చేసింది.

మొదటి గురువు బంధువే. కోచ్ శంసముద్దీన్ దగ్గర మగపిల్లలతో కలిసి ప్రాక్టీస్ చేసింది. ఆయన కొడుకు హుసాముద్దీన్ కూడా బాక్సరే. 2018, 2022 కామన్వెల్త్ క్రీడల్లో, 2023 ప్రపంచ పోటీల్లో కాంస్యాలు గెలిచాడు. అంటే నిజామాబాద్‌లో బాక్సింగ్ గాలి అప్పటికే ఉంది. అందులోకి ఒక ఆడపిల్ల రావడమే కొత్త.

షార్ట్స్ వేసుకుని ఆడే ఆట అమ్మాయికి తగదని బంధువులు, స్నేహితులు అభ్యంతరం చెప్పినట్టు జమీల్ అహ్మద్ తర్వాత మీడియాకు చెప్పారు. ఒకరోజు దెబ్బలు తిని మొహం వాచిపోయి ఇంటికొచ్చిన కూతురిని చూసి తల్లి ఏడ్చారు, ఇలాగైతే సంబంధాలు రావని భయపడ్డారు. పేరు తెచ్చుకుంటే సంబంధాలు వాటంతట అవే వరుస కడతాయని నిఖత్ అమ్మకు సర్దిచెప్పింది. ఇద్దరు అక్కలు ఫిజియోథెరపీ చదివారు. చదువు, ఆట రెండూ ఆ ఇంట్లో పక్కపక్కనే సాగాయి.

విశాఖ శిక్షణ, జూనియర్ ప్రపంచ టైటిల్

2009లో నిఖత్ విశాఖపట్నంలోని స్పోర్ట్స్ అథారిటీ ఆఫ్ ఇండియా కేంద్రంలో చేరింది. అక్కడ ద్రోణాచార్య అవార్డు గ్రహీత ఐ.వెంకటేశ్వరరావు దగ్గర శిక్షణ తీసుకుంది. కాబట్టి ఆమె ఎదుగుదలలో మన ఆంధ్రప్రదేశ్ నేల వాటా కూడా ఉంది.

రెండేళ్ళకే ఫలితం కనపడింది. 2011లో టర్కీలోని అంటాల్యాలో జరిగిన జూనియర్ ప్రపంచ పోటీల్లో స్వర్ణం గెలిచింది. 2013లో బల్గేరియాలో యూత్ ప్రపంచ పోటీల్లో రజతం, 2014లో సెర్బియాలోని నోవిసాద్‌లో నేషన్స్ కప్ స్వర్ణం వచ్చాయి.

భుజం గాయం

2017లో ఇంటర్ యూనివర్సిటీ పోటీల్లో ఆమె భుజం కీలు జారింది. సర్జరీ చేయించుకోవాల్సి వచ్చి, దాదాపు ఏడాది పాటు రింగ్‌కు దూరమైంది. బాక్సర్‌కు భుజమే పెట్టుబడి. అది దెబ్బతింటే కెరీర్ అక్కడితో ముగిసిపోవచ్చు. ఆమె మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టి 2018లో బెల్‌గ్రేడ్‌లో, 2019లో సోఫియాలో జరిగిన స్ట్రాంజా టోర్నీలో స్వర్ణాలు గెలిచింది.

ట్రయల్ కోసం పోరాటం

2019లో నిఖత్ పేరు దేశమంతా తెలిసింది. కానీ పతకంతో కాదు, ఒక లేఖతో. ఆమె ఆడే 51 కిలోల విభాగంలోనే ఆరుసార్లు ప్రపంచ ఛాంపియన్ అయిన మేరీ కోమ్ ఉంది. ఆ ఏడాది ప్రపంచ పోటీలకు ట్రయల్ లేకుండానే మేరీ కోమ్‌ను ఎంపిక చేశారు. ఒలింపిక్ అర్హత పోటీలకూ అలాగే పంపే ఆలోచన ఉందని తెలిసి, నిఖత్ అప్పటి కేంద్ర క్రీడా మంత్రి కిరణ్ రిజిజుకు లేఖ రాసింది. తనను నేరుగా పంపమని ఆమె అడగలేదు. ట్రయల్ పెట్టి గెలిచినవారిని పంపమని మాత్రమే అడిగింది.

2019 డిసెంబర్ 28న ఢిల్లీలో ట్రయల్ జరిగింది. మేరీ కోమ్ 9-1తో గెలిచింది. మ్యాచ్ అయ్యాక చేయి కలపడానికి కూడా ఒప్పుకోలేదు. నిఖత్ ఓడిపోయింది, టోక్యో అవకాశం పోయింది. కానీ ఎంత పెద్ద పేరున్నా ట్రయల్ ఆడాల్సిందే అన్న మాట మాత్రం నిలబడింది.

రెండు ప్రపంచ టైటిళ్ళు

2021లో ఇస్తాంబుల్‌లోని బాస్ఫరస్ టోర్నీలో ఇద్దరు ప్రపంచ ఛాంపియన్లను ఓడించి కాంస్యం తెచ్చింది. 2022 ఫిబ్రవరిలో స్ట్రాంజా టోర్నీ సెమీస్‌లో టోక్యో రజత విజేత, టర్కీకి చెందిన బుసెనాజ్ చకిరోగ్లును ఓడించి, స్వర్ణం కూడా గెలిచింది.

అదే ఏడాది మే 19న ఇస్తాంబుల్‌లో ప్రపంచ పోటీల 52 కిలోల ఫైనల్. థాయ్‌లాండ్‌కు చెందిన జిట్‌పాంగ్ జుటామస్‌పై 5-0 గెలుపు. బాక్సింగ్‌లో ఐదుగురు జడ్జీలు ఉంటారు. 5-0 అంటే ఐదుగురూ ఆమె వైపే తీర్పు ఇచ్చారని అర్థం. మేరీ కోమ్, సరితా దేవి, జెన్నీ, లేఖ తర్వాత ప్రపంచ టైటిల్ గెలిచిన ఐదో భారత మహిళ నిఖత్. మన పల్నాడు జిల్లా ఏర్పడింది కూడా ఆ ఏడాది ఏప్రిల్‌లోనే.

తెలంగాణ ప్రభుత్వం రూ.2 కోట్లు, ఇంటి స్థలం ప్రకటించింది. ఆగస్టులో బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో 50 కిలోల స్వర్ణం, ఆ తర్వాత అర్జున అవార్డు వచ్చాయి.

2023 మార్చి 26న న్యూఢిల్లీలో రెండో ప్రపంచ టైటిల్. ఫైనల్‌లో వియత్నాంకు చెందిన గుయెన్ థి టామ్‌పై మళ్ళీ 5-0. అప్పుడే రంజాన్ నెల మొదలైంది. ప్రైజ్ మనీతో ఖరీదైన కారు కొందామనుకున్నానని, స్పాన్సర్ థార్ జీపు ఇచ్చారు కాబట్టి ఆ ఆలోచన మానుకుని అమ్మానాన్నలను ఉమ్రాకు పంపిస్తానని ఆమె చెప్పింది.

పారిస్‌లో ఓటమి

2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో కాంస్యంతో పాటు పారిస్ ఒలింపిక్ బెర్త్ దక్కింది. కానీ పారిస్‌లో ఆమెకు సీడింగ్ రాలేదు. తొలి బౌట్‌లో జర్మనీ బాక్సర్‌ను ఓడించినా, 2024 ఆగస్టు 1న ప్రీక్వార్టర్స్‌లోనే టాప్ సీడ్, చైనాకు చెందిన వూ యు ఎదురైంది. నిఖత్ 0-5తో ఓడింది. ఆ వూ యునే చివరికి స్వర్ణం గెలిచింది. బరువు 50 కిలోలలోపు ఉంచడానికి రెండు రోజులు తిండి, నీళ్ళు కూడా మానేశానని నిఖత్ తర్వాత చెప్పింది. తూకంలో తేడా వస్తే బౌట్ ఆడనివ్వరు. ఈ ఆటలో బయటికి కనపడని కష్టం అదే.

డీఎస్పీ ఉద్యోగం, మళ్ళీ స్వర్ణం

అంతకు ముందు బ్యాంక్ ఆఫ్ ఇండియాలో పనిచేసిన నిఖత్‌కు తెలంగాణ ప్రభుత్వం గ్రూప్-1 స్థాయి డీఎస్పీ ఉద్యోగం ఇచ్చింది. క్రికెటర్ మొహమ్మద్ సిరాజ్‌కు కూడా ఇదే హోదా దక్కింది.

2025 సెప్టెంబర్‌లో లివర్‌పూల్ ప్రపంచ పోటీల క్వార్టర్స్‌లో చకిరోగ్లు చేతిలో ఓడిపోయింది. నవంబర్ 20న గ్రేటర్ నోయిడాలో ప్రపంచ బాక్సింగ్ కప్ ఫైనల్స్‌లో 51 కిలోల స్వర్ణం గెలిచి మళ్ళీ నిలబడింది. 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో కూడా 51 కిలోల విభాగం ఉంది.

దుస్తుల సంగతి

మన కుటుంబాల్లో ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇది. 2019లో అప్పటి అంతర్జాతీయ బాక్సింగ్ సంఘం హిజాబ్‌కు, ఒళ్ళంతా కప్పే దుస్తులకు అనుమతి ఇచ్చింది. ఆస్ట్రేలియా బాక్సర్ టీనా రహీమీ పారిస్ ఒలింపిక్స్‌లో హిజాబ్‌తోనే ఆడింది. నిఖత్ మామూలు బాక్సింగ్ దుస్తుల్లో ఆడుతుంది. ఏది ఎంచుకోవాలన్నది అమ్మాయి, ఆమె ఇంటివాళ్ళు కలిసి తేల్చుకునే విషయం. అయితే దుస్తుల వల్ల ఆటే కుదరదనే మాట మాత్రం ఇప్పుడు చెల్లదు.

ముఖ్య పతకాలు

2011: జూనియర్ ప్రపంచ పోటీలు, స్వర్ణం
2013: యూత్ ప్రపంచ పోటీలు, రజతం
2019: ఆసియా ఛాంపియన్‌షిప్, కాంస్యం
2019, 2022: స్ట్రాంజా టోర్నీ, స్వర్ణాలు
2022: ప్రపంచ ఛాంపియన్‌షిప్ (52 కిలోలు), స్వర్ణం
2022: కామన్వెల్త్ క్రీడలు (50 కిలోలు), స్వర్ణం
2023: ప్రపంచ ఛాంపియన్‌షిప్ (50 కిలోలు), స్వర్ణం
2023: ఆసియా క్రీడలు, కాంస్యం
2024: ఎలోర్డా కప్, అస్తానా, స్వర్ణం
2025: ప్రపంచ బాక్సింగ్ కప్ ఫైనల్స్ (51 కిలోలు), స్వర్ణం