గడ్డికి అడుగు ఎత్తున

ముందు చెవులకు పని చెప్పండి. మే నెల పొద్దున, ఎండ ఇంకా చురుక్కుమనలేదు. బూట్లు మంచుకు తడిశాయి. మీ ఎదురుగా ఏడు వేల అడుగుల పొడవు, నాలుగు వందల అడుగుల వెడల్పున పచ్చిక పరుచుకొని ఉంది. రన్‌వే అంటే అదే. తారూ లేదు, సిమెంటూ లేదు. పైన ఒకేసారి నాలుగైదు విమానాలు తిరుగుతున్నాయి. ఒకటి సన్నగా ఈల వేస్తూ పోతోంది, అది టర్బైన్ జెట్. ఇంకొకటి పాతకాలపు యుద్ధ విమానం నమూనా, గొంతు బొంగురు. మూడోదాని చప్పుడు తెగుతూ మళ్లీ అందుకుంటూ, గాలిలో ఎవరితోనో వాదిస్తున్నట్టుంది. మీరు వచ్చింది ఆ మూడోదాని కోసం.

ఇది దక్షిణ కరోలినాలో వుడ్రఫ్ దగ్గరున్న ట్రిపుల్ ట్రీ ఏరోడ్రోమ్. ఏటా మే నెలలో ఇక్కడ ‘జో నాల్’ పేరుతో రేడియో కంట్రోల్ విమానాల జాతర జరుగుతుంది. జో నాల్ అమెరికా జాతీయ రవాణా భద్రతా బోర్డు సభ్యుడు, 1989లో వెనిజువెలాలో విమాన ప్రమాదంలో చనిపోయాడు. విమానాలు ఎందుకు కూలుతాయో ఆరా తీసే బోర్డులో కూర్చున్న మనిషి పేరు మీద, లోపల మనిషే లేని విమానాల పండగ.

షార్లెట్ నుంచి గంటన్నర దారి. మినీవ్యాన్ నడిపింది వరంగల్ అన్న. షార్లెట్ చుట్టుపక్కల తెలుగువాళ్లకు కొదవ లేదుగానీ, వారాంతంలో పెట్రోలు వాసనతో ఇంటికొచ్చి తిట్లు తినేవాళ్లు తక్కువే. మీరు ఇన్నాళ్లూ ఎగరేసినవి ఫోమ్ విమానాలు, బ్యాటరీతో తిరిగేవి. ఇప్పుడు పెట్రోల్ ఇంజన్ మీద, గాలిలో నిలబడి పల్టీలు కొట్టే పెద్దది కావాలి. ఫోన్‌లో పట్టిక కూడా తయారు చేసుకున్నారు: ఇంజన్ పేరు, సీసీ, హార్స్‌పవర్, ధర.

“అన్నా, యాభై అయిదు సీసీకీ అరవైకీ హార్స్‌పవర్‌లో...” అంటూ చూపించబోతే ఆయన చెయ్యి అడ్డం పెడతాడు.

“గది జేబుల వెట్టు తమ్మీ. ముందుగాల ఇను.”

అలా గాలిలో నిలబడి చేసే విన్యాసాలను త్రీడీ అంటారు. ఆ త్రీడీ లైన్ దగ్గరికి నడిచారు. కుర్రవాడొకడు రేడియో పట్టుకొని నిలబడ్డాడు. వాడి ముందు, పాతిక అడుగుల దూరంలో, రెండున్నర మీటర్ల రెక్కలున్న విమానం ముక్కు ఆకాశానికి, తోక నేలకు పెట్టి నిలువుగా వేలాడుతోంది. రడ్డర్ అంచుకూ గడ్డికీ మధ్య అడుగు ఖాళీ. ప్రొపెల్లర్ ఒకవైపు తిరుగుతుంటే ఆ ప్రతిచర్యకు విమానం మొత్తం మెల్లగా ఎడమకు తిరుగుతోంది. దీన్ని టార్క్ రోల్ అంటారు. విమానం ముందుకు పోవడం లేదు కాబట్టి రెక్కలకు మోసే పనే లేదు. బరువంతా మోస్తున్నది ప్రొపెల్లర్. నిటారుగా నిలబెడుతున్నది తోక మీదుగా అది తోస్తున్న గాలి.

ఇప్పుడు వినండి. చప్పుడు ఒకే తీరున లేదు. కుర్రవాడి ఎడమ బొటనవేలు క్షణం నిలవడం లేదు. విమానం బెత్తెడు దిగితే చిన్న గర్జన, బెత్తెడు లేస్తే నిట్టూర్పు, మళ్లీ గర్జన. వేలు కదిలిన మరుక్షణం ఇంజన్ జవాబు చెబుతోంది. చివరికి ఒక్కసారి థ్రాటిల్ పూర్తిగా తోశాడు. విమానం నిలువునా, తాడు పట్టి లాగినట్టు పైకి వెళ్లిపోయింది.

తరువాతివాడి విమానమూ అంతే పెద్దది, ఇంకా మెరుస్తోంది. వాడూ తోక మీద నిలబెట్టాడు. జారుతోంది, థ్రాటిల్ తోశాడు. ఇంజన్ ఒక్క గుటక వేసింది. అర సెకను కూడా ఉండదు. తర్వాత గర్జించింది, బ్రహ్మాండంగా గర్జించింది. కానీ ఆ లోపే రడ్డర్ కొస గడ్డిలో దిగి చిట్లింది.

“ఇన్నవా?”

“విన్నానన్నా. మధ్యలో మింగింది.”

“మరి గది నీ లిస్టుల ఏడున్నది?”

లేదు. ఆ గుటకకు మీ పట్టికలో గడి లేదు. కంపెనీలు రాసే హార్స్‌పవర్ పూర్తి థ్రాటిల్ దగ్గరిది. త్రీడీలో మీరు అక్కడ ఉండేది తక్కువ, ఎక్కువ సమయం సగానికి అటూ ఇటూ. అక్కడ ఇంజన్ వెంటనే పలుకుతుందా, ఒకే మిక్స్చర్‌తో వరసగా పది నిమిషాలు నమ్మకంగా తిరుగుతుందా అన్నదే ప్రశ్న. అర హార్స్‌పవర్ తేడాకు రాత్రంతా కూర్చోవడం, నిజం చెప్పాలంటే, దండగ.

విమానాలు సిద్ధం చేసుకునే పిట్స్‌లోకి వచ్చారు. మడత బల్లలు, గొడుగులు, ఇంధనం డబ్బాలు. ఒకాయన ముక్కు కవచం విప్పి పెట్టాడు, వంగి చూడండి. అడ్డంగా రెండు సిలిండర్లు, ఎదురెదురుగా. నూరు సీసీ బాక్సర్. రెండు పిస్టన్లూ ఒకేసారి బయటికి, ఒకేసారి లోపలికి కదులుతాయి, రెండు ప్లగ్గులూ ఒకేసారి మండిస్తాయి. ఒకదాని అదురును ఇంకొకటి మింగేస్తుంది కాబట్టి ఒంటి సిలిండర్ కంటే ఇది నునుపు. మన యమహా ఆర్‌ఎక్స్ 100 గుర్తుందా? తొంభై ఎనిమిది సీసీ టూ స్ట్రోక్, పదకొండు హార్స్‌పవర్. ఇదీ దాదాపు అంతే సీసీ, పదికి దగ్గరగా హార్స్‌పవర్, కానీ బరువు రెండున్నర కిలోలు. గేర్‌బాక్స్ లేదు, కిక్ లేదు, ఫ్యాన్ లేదు. క్రాంక్ కొసకు నేరుగా ఇరవై ఏడు, ఇరవై ఎనిమిది అంగుళాల ప్రొపెల్లర్. అదే దాని భారం, అదే దాని కూలింగ్.

ఈ ఇంజన్ల వంశం చెట్లు కోసే రంపాల నుంచి, గడ్డి కోసే యంత్రాల నుంచి వచ్చింది. కార్బ్యురేటర్ ఇప్పటికీ ఆ ఇంటిదే, ఎక్కువగా వాల్‌బ్రో. క్రాంక్‌కేస్‌లో పుట్టే ఒత్తిడి తరంగాలు లోపలి పలుచటి పొరను కదిలిస్తే అది పంపులా ట్యాంకు నుంచి పెట్రోలు లాక్కుంటుంది. అందుకే విమానం తలకిందులైనా, తోక మీద నిలబడినా పెట్రోలు ఆగదు. పక్కన రెండు సన్నటి స్క్రూలుంటాయి, ఎల్ అని, హెచ్ అని. ఐడిల్‌కీ సగం థ్రాటిల్‌కీ పెత్తనం ఎల్‌ది, పూర్తి థ్రాటిల్‌కు హెచ్‌ది. ఇందాకటి గుటక, నూటికి తొంభై పాళ్లు, ఎల్ తప్పు. అంటే ఇంజన్ చెడ్డది కాదు, దాన్ని సరిచేసిన చెయ్యి తొందరపడింది. కొత్తవాళ్లు ఇంజన్ మార్చేస్తారు, పాతవాళ్లు స్క్రూను గడియారం పెద్ద ముల్లు ఐదు నిమిషాల్లో కదిలేంత తిప్పుతారు.

అన్న తన యాభై సీసీ తరగతి విమానాన్ని బయటికి తీశాడు. “తోక వట్టుకో. గట్టిగ. నేను చెప్పిందాక ఇడువకు.” మీరు మోకాళ్ల మీద కూర్చుని తోకను తొడల మధ్య బిగించారు. ఆయన చేతికి మందపాటి గ్లవ్. చోక్ మూశాడు, ఇగ్నిషన్ వేశాడు, ప్రొపెల్లర్‌ను చేత్తో విసిరాడు. ఇంకోసారి. ఇంకోసారి. ‘ఫట్’ మంది. అదే కబురు. చోక్ తెరిచి మళ్లీ విసరగానే అందుకుంది. గాలి మీ ముఖాన కొట్టింది, కాలిన టూ స్ట్రోక్ ఆయిల్ వాసనతో. ఒక్క క్షణం హన్మకొండ చౌరస్తాలో సిగ్నల్ దగ్గర ఉన్నారు. తోక చేతుల్లోంచి లాక్కుంటోంది. ఏడున్నర కిలోల విమానాన్ని పన్నెండు కిలోలకు పైగా లాగే బలం అది, అన్న ఇంకా సగమే ఇచ్చాడు.

రేడియో మీద ఒక స్విచ్ పడేశాడు. ఠక్కున ఆగింది. బ్యాటరీ మోటారులా థ్రాటిల్ తగ్గిస్తే ఆగే సరుకు కాదిది. ప్లగ్గుకు కరెంటు తీసేస్తేనే ఆగుతుంది. దూరం నుంచి ఆ కరెంటు తెంపే కిల్ స్విచ్ లేనివాళ్ల ముందు నిలబడకండి. ఎంత స్నేహితులైనా సరే.

ట్యాంకులో ఏముందని అడిగారు. బంకు పెట్రోలే, నలభై వంతులకు ఒక వంతు టూ స్ట్రోక్ ఆయిల్. కొత్త ఇంజన్‌కు మొదట్లో ముప్పైకి ఒకటి. చిన్న మోడల్ ఇంజన్లకు పోసే నైట్రో ఇంధనం గ్యాలన్‌కు ఇరవై డాలర్లు పైమాటే, ఇది ఎంతో మీకు కారు వల్లే తెలుసు. ఇక్కడి బంకుల్లో పెట్రోలులో పది శాతం ఇథనాల్ ఉంటుంది, అది నీళ్లు పీలుస్తుంది, కార్బ్యురేటర్ పొరల్ని బిరుసెక్కిస్తుంది. అందుకే అన్న ఇథనాల్ లేని బంకు కోసం ఊరవతలికి పోతాడు. చలికాలం వచ్చేముందు ట్యాంకు ఖాళీ చేస్తాడు.

ఇప్పుడు దుకాణాలు. వరుసగా డేరాలు, ఒక్కో డేరాలో గోడకు వేలాడదీసిన రెక్కలు. మీ కాళ్లు ఇంజన్ల బల్లవైపు లాగుతాయి. అన్న భుజం పట్టి ఇటు తిప్పుతాడు.

“నీ బండేంది?”

“సెడాన్ అన్నా. క్యామ్రీ.”

“మరి నూరు సీసీది ఏడ వెడ్తవ్, నెత్తి మీదనా?”

ఆయన జేబులోంచి టేపు తీశాడు. రెక్కలు ఊడతాయి, కార్బన్ గొట్టం మీద చెరోవైపు నుంచి ఎక్కుతాయి. తోక రెక్కలూ ఊడతాయి. ఊడనిది ఒళ్లు. నూరు సీసీ విమానం ఒళ్లు ఎనిమిది అడుగులకు అటూ ఇటూ, యాభై సీసీది ఏడుకు దగ్గర. రెండోది సీట్లు పడేసిన చిన్న ఎస్‌యూవీలో ఐమూలగా పడుతుంది. మీ క్యామ్రీలో అదీ కష్టమే, ముప్పై, ముప్పై అయిదు సీసీ తరగతి దాకా చూసుకోవచ్చు. వినడానికి చప్పగా ఉంటుందిగానీ, చాలామంది విమానం పరిమాణాన్ని తేల్చేది డిక్కీయే. “నాతోటే వస్తవ్ గదా, నా వ్యాన్ల వేద్దాం” అని ఆయనే అన్నాడు కాబట్టి, యాభై సీసీ.

ఏ ఆకారం? ఎక్స్‌ట్రా, ఎడ్జ్, స్లిక్, లేజర్. అన్నిటికీ వెనుక మనిషి కూర్చుని ఎగరేసిన విమానాలున్నాయి. ఎక్స్‌ట్రా 300 జర్మనీలో వాల్టర్ ఎక్స్‌ట్రా చేసింది. లియో లౌడెన్‌స్లాగర్ 1980లో ప్రపంచ ఛాంపియన్ అయింది తన లేజర్ మీదే. మీరు రేపు ఐమాక్ పోటీలకు, అంటే నమూనా విమానాల ఏరోబాటిక్ పోటీలకు, వెళ్లాలనుకుంటే ఈ పోలిక అవసరం. బేసిక్ తరగతి దాటాక విమానం అసలు ఏరోబాటిక్ విమానానికి నమూనా అయి ఉండాలి. అక్కడ గీత గీసినట్టు ఎగరాలి, ఐదు డిగ్రీలు వంకర పోతే అర మార్కు పోతుంది. త్రీడీ దానికి ఎదురు దిక్కు, వంకరే అక్కడ విద్య. మొదటిసారికి రెండూ చేసే ఎక్స్‌ట్రా చాలు. ఈ విషయంలో వాదనకు దిగేవాళ్లు చాలామంది కనిపిస్తారు, దిగనివ్వండి.

ఒళ్లును చేతుల్లోకి తీసుకోండి. బాల్సా, పలుచటి ప్లైవుడ్, పైన ఇస్త్రీ చేసి అతికించిన ఫిల్మ్. పిల్లాడిని ఎత్తుకున్నంత తేలిక. ముక్కు దగ్గర లోపలికి టార్చి వేసి చూడండి. ఇంజన్ బోల్టులు దిగే చెక్క గోడ ఫైర్‌వాల్. దాని మూలల్లో ఎపాక్సీ నిండుగా ఉందా, బొట్లు బొట్లుగా ఉందా? ఒంటి సిలిండర్ అదురంతా ఆ గోడదే. డొల్లగా ఉంటే ఇంటికెళ్లగానే మళ్లీ ఎపాక్సీ పట్టించాలి. పొట్ట కింద మఫ్లర్‌కు సొరంగం ఉందా? ఉంటే క్యానిస్టర్ పెట్టొచ్చు, చప్పుడు తగ్గుతుంది. మైదానం పక్కన ఇళ్లు లేచిన క్లబ్బులకు ఇప్పుడు అది ప్రాణావసరం.

అన్న సామాను తూచే కొక్కెం త్రాసు తీసి, అమ్మేవాడిని అడిగి, ఒళ్లూ రెక్కలూ విడివిడిగా తూచాడు. కేటలాగులో రాసిన అతి తక్కువ బరువుకు విమానం కట్టినవాడు నాకు తెలిసి లేడు. గడ్డికి అడుగు ఎత్తున వేలాడేటప్పుడు పావు కిలో ఎక్కువైతే ఆ పావు కిలోను మోసేది మీ బొటనవేలే. బరువు పెరిగినకొద్దీ థ్రాటిల్ పైన నిలబడాలి, తప్పు దిద్దుకోవడానికి మిగిలే చోటు తగ్గుతుంది. హార్స్‌పవర్ కొనడం ఖరీదు, బరువు తగ్గించుకోవడం దానికంటే చవక.

అప్పుడు ఇంజన్ల బల్ల. అరిజోనాలోని డెజర్ట్ ఎయిర్‌క్రాఫ్ట్ వారి డీఏ-60 ఒకవైపు, చైనా డీఎల్ఈ-55 ఇంకోవైపు. రెండోది దాదాపు సగం ధర. మీరు మొదటిదాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పారు, కిందికి దించబుద్ధి కాలేదు. అన్న ఏమీ అనలేదు. లెక్క మాత్రం చెప్పాడు. ఎయిలెరాన్లకు రెండు, ఎలివేటర్లకు రెండు, రడ్డర్‌కు ఒకటి, లోహపు గేర్లున్న బలమైన సర్వోలు ఐదు. థ్రాటిల్‌కు ఒక చిన్నది. వాటికే ఇంజన్ ఖరీదు దాటిపోతుంది. డబ్బు ఒక్కచోటే సరిపోతుందనుకుంటే సర్వోల్లో పెట్టాలి. ఇంజన్ ఆగితే విమానం జారుతూ దిగుతుంది, రన్‌వే మీ ముందే ఉంది. ఎలివేటర్ సర్వో చస్తే బాల్సా ముక్కలు ఏరుకోవడమే.

మీరు డీఎల్ఈ-55 తీసుకున్నారు, వెనుకకు పొగ వదిలే ఆర్‌ఏ రకం. దానికి 23×8 ప్రొపెల్లర్: వ్యాసం ఎక్కువ, పిచ్ తక్కువ, వేగం కాదు లాగుడు కావాలి. బల్లవతల ఆయన ప్లగ్గు ఒకటి ఊరికే ఇచ్చాడు. అదురుకు బోల్టులు వదులవకుండా నీలం లాక్‌టైట్ అడిగి పుచ్చుకున్నారు.

మళ్లీ విమానాల డేరా. అమ్మేవాడు రెండు పెట్టెలు బయటికి లాగాడు. ఒకటి పైనా కిందా అంతా నలుపూ వెండీ, ఫొటోలో చూసి మీరు మనసు పడ్డది అదే. రెండోది పైన ఎరుపు, పసుపు, కింద తెలుపు మీద నల్లటి పెద్ద గళ్లు. మీ వేలు నల్లదానివైపు వెళ్లింది.

“నాలుగు వందల అడుగుల మీద, మబ్బుల, పొట్ట ఏదో ఈపు ఏదో ఎట్ల తెలుస్తది తమ్మీ?” అన్నాడు అన్న, కార్డు కోసం మీ పర్సు తనే తీస్తూ. “గళ్లది కట్టించు.”